డొరతీ డే స్మృతిలో: ఒక తల్లి, ఒక అమ్మమ్మ, ఒక కార్మిక సేవకురాలు

(మహిళా కార్మికుల స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన సంఘాల సభలలో దివంగతులకు స్మృత్యంజలి ఘటించే ఆచారం పాతది. పోరాటాలలో నేలకొరిగినవారిని, జైళ్ళలో యౌవనాన్ని ధారపోసినవారిని, చర్చల బల్ల దగ్గర యాజమాన్యాలను నిలవేసినవారిని మనం ఏటేటా తలచుకుంటున్నాం. నేడు ఈ వేదిక మీదినుండి మేము తలచుకోదలచింది ఒక అమ్మమ్మను. ఆమె పేరు డొరతీ డే. అమెరికా దేశస్థురాలు. 1897 నవంబరు 8వ తేదీన న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. 1980 నవంబరు 29వ తేదీన అదే నగరంలో, నిరుపేద స్త్రీలకోసం తమ ఉద్యమం నడుపుతున్న ఆశ్రయగృహంలోని ఒక చిన్న గదిలో, కన్నకూతురు దగ్గర ఉండగా కన్నుమూశారు. అప్పటికి ఆమెకు ఎనభై మూడేళ్ళు. ఒక్కగానొక్క కూతురు, తొమ్మిదిమంది మనుమలు, మనుమరాండ్రు.

ఎక్కడో అమెరికాలో బ్రతికిన స్త్రీని గురించి తెలుగు కార్మికులకు ఎందుకు చెబుతున్నారని మీరు అడగవచ్చును. మా శాఖలలో తిరిగేటప్పుడు రెండు ప్రశ్నలు మా చెవిని పడుతూ ఉంటాయి. మొదటిది: నిత్యం ప్రార్థన చేసుకునే మనిషికి, ఆదివారం ఆరాధన తప్పని మనిషికి సంఘంలో ఏమి పని? ఈ ప్రశ్నను సభలోనే, గట్టిగానే అడుగుతారు. రెండవది: సంఘం పనిమీద ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి ఇంట్లో పిల్లల గతి ఏమిటి? ఈ ప్రశ్నను సభలో ఎవరూ అడగరు. ఇంట్లో భార్యలు, తల్లులు, పొయ్యిముందు కూర్చుని మెల్లగా అడుగుతారు. మొదటి ప్రశ్నకు డొరతీ డే తన జీవితంతో నిండుగా సమాధానం చెప్పారు. రెండవ ప్రశ్నకు ఆమె దగ్గర కూడా పూర్తి సమాధానం లేకపోయింది. ఈ రెండు కారణాలచేతనూ ఆమె జీవితం మనకు తెలియవలసి ఉన్నది.

ఆమె తండ్రి పత్రికలలో గుర్రపు పందేల వార్తలు రాసే విలేఖరి. కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్‌లో నివసిస్తుండగా, 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఘోరమైన భూకంపం వచ్చింది. ఇండ్లు కూలి, అగ్నిలో కాలి, వేలాదిమంది కట్టుబట్టలతో అఖాతం దాటి ఓక్‌లండ్ చేరారు. ఎనిమిదేళ్ళ బాలిక ఆ దృశ్యం చూసింది. ఇరుగుపొరుగు తల్లులందరూ వంటలు వండి పెట్టడం, ఇంట్లోని బట్టలు తీసి ఇచ్చివేయడం చూసింది. ఆపదలో మనుషులు ఇలా ఉండగలిగినప్పుడు మామూలు రోజులలో ఎందుకు ఉండలేకపోతున్నారు? ఆ పసిమనసులో నాటుకున్న ఈ ప్రశ్న ఆమెను జీవితాంతం వదలలేదు. తండ్రి ఉద్యోగం పోయింది. కుటుంబం చికాగోకు తరలి, అక్కడ ఇరుకు వాటాలో బీదతనం చవిచూసింది.

ఉపకార వేతనంతో 1914లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరిన డొరతీ, రెండేళ్ళకే చదువు విడిచిపెట్టి న్యూయార్కు చేరి, ‘ది కాల్’ అనే సోషలిస్టు దినపత్రికలో విలేఖరి అయ్యారు. సమ్మెలు, అద్దెల బాధలు, రొట్టెల ధరలు ఆమె రాసిన వార్తలు. 1917 నవంబరులో స్త్రీల ఓటుహక్కు కోసం వాషింగ్టన్‌లో అధ్యక్షభవనం ముందు పికెటింగు చేసి అరెస్టయ్యారు. ముప్పై రోజుల శిక్ష పడగా, తోటి ఖైదీలతో కలిసి జైలులో నిరాహారదీక్ష చేశారు. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏళ్ళు. దేవుడిమీద ఇంకా స్థిరమైన విశ్వాసం లేదు. అయినా ఆ చీకటి కొట్టులో బైబిలు తెప్పించుకుని కీర్తనల గ్రంథం చదువుకున్నారు.

ఆ తరువాతి కొన్నేళ్ళు ఆమె జీవితంలో అలజడి కాలం. ఒక ప్రేమ విఫలమైంది, గర్భస్రావం చేయించుకోవలసి వచ్చింది. ఇక తాను తల్లిని కాలేనేమోనన్న దిగులు ఆమెను కృంగదీసింది. ఈ సంగతి దాచిపెట్టి ఆమెను పుట్టుకతోనే పుణ్యాత్మురాలిగా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. శ్రామిక స్త్రీల జీవితాలలో ఇటువంటి గాయాలు ఎన్నో ఉంటాయి. వాటిని చూసి మొహం తిప్పుకునే భక్తికి విలువ లేదు.

తరువాత ఆమె స్టాటెన్ దీవిలో సముద్రపు ఒడ్డున చిన్న ఇల్లు కొనుక్కుని, ఫార్‌స్టర్ బాటర్‌హామ్ అనే జీవశాస్త్రజ్ఞునితో సహజీవనం చేశారు. 1926 మార్చి 4న వారికి ఆడపిల్ల పుట్టింది. టామర్ తెరెసా అని పేరు పెట్టారు. ప్రసవం బెల్వ్యూ ఆసుపత్రిలోని ఉచిత వార్డులో జరిగింది. ఆ అనుభవాన్ని ఆమె ఒక వ్యాసంగా రాయగా, 1928లో ‘న్యూ మాసెస్’ అనే వామపక్ష పత్రిక ప్రచురించింది. అటు తరువాత అనేక దేశాల కార్మిక పత్రికలు దానిని పునర్ముద్రించాయి. పురిటినొప్పులు కూడా కార్మిక పత్రికలో రాయదగిన విషయమేనని ఆనాడు ఎందరికి తట్టి ఉంటుంది?

బిడ్డ పుట్టిన ఆనందం ఆమెను ప్రార్థన వైపు నడిపింది. కష్టంలో దేవుడిని తలచేవారు చాలామంది ఉన్నారు. ఆమె సంతోషంలో తలచారు. ఇంత సంతోషానికి ఎవరికో కృతజ్ఞత చెప్పాలని అనిపించింది. తనవలె దారి తెలియక తిరగకూడదని బిడ్డకు కతోలిక సంఘంలో జ్ఞానస్నానం ఇప్పించారు. 1927 డిసెంబరు 28న తాను కూడా జ్ఞానస్నానం పొందారు. ఆమె సహచరునికి మతంమీద, వివాహ వ్యవస్థమీద నమ్మకం లేదు. విశ్వాసమా, అతనా అన్న దగ్గర ఆమె ఎంతో ఏడ్చి విశ్వాసాన్ని ఎంచుకున్నారు. దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత ఆ మనిషి జీవన సహచరి క్యాన్సరుతో మంచం పట్టినప్పుడు, డొరతీ స్వయంగా వెళ్ళి, 1960లో ఆమె మరణించేవరకూ పరిచర్య చేశారు. తనను విడిచిన మనిషి ఇంటికి వెళ్ళి మరొక స్త్రీ పక్కబట్టలు మార్చిన ఆ చేతులను మించి ఆమె విశ్వాసానికి సాక్ష్యం మేము చూపలేము.

జ్ఞానస్నానం పొందిన తరువాత ఆమెకు ఒక బాధ పట్టుకుంది. పాత స్నేహితులు కార్మికుల పక్షాన వీధులలో ఉన్నారు, తాను దేవాలయంలో మోకరిల్లి ఉన్నారు. 1932 డిసెంబరులో నిరుద్యోగులు వాషింగ్టన్‌కు ఆకలియాత్ర జరిపారు. దానిని నడిపినవారు కమ్యూనిస్టులు. ఆమె విలేఖరిగా వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడి, చిరిగిన కోట్లతో సాగిపోతున్న ఆ జనాన్ని చూశారు. వీరి ముందు నడవవలసిన క్రైస్తవులు ఏరీ అని మథనపడ్డారు. డిసెంబరు 8, మరియమాత పండుగనాడు, ఆ నగరంలోని దేవాలయంలో కన్నీటితో ప్రార్థించారు. నా పేదలకోసం, నా కార్మికులకోసం ఏదైనా దారి చూపమన్నది ఆ ప్రార్థన సారాంశం.

న్యూయార్కు తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. పేరు పీటర్ మౌరిన్. ఫ్రాన్సు దేశపు రైతు కుటుంబంలో 1877లో పుట్టినవాడు, కూలిపని చేసుకుంటూ చదువుకున్నవాడు. పత్రిక నడపాలి, పేదలకు ఆతిథ్య గృహాలు తెరవాలి, పొలాలలో సమష్టి జీవనం ప్రారంభించాలి అన్నది అతని ప్రణాళిక. డబ్బు ఎక్కడిదని ఆమె అడిగారు. గ్యాసు బిల్లు, కరెంటు బిల్లు వాయిదా వేసి, తన రచనలకు వచ్చిన కొద్దిపాటి సొమ్ము కలిపి, 57 డాలర్లతో 2,500 ప్రతులు అచ్చువేయించారు. 1933 మే 1వ తేదీన, వేలాది కార్మికులు మేడే జరుపుకుంటున్న యూనియన్ స్క్వేరులో ‘ది కాథలిక్ వర్కర్’ తొలి సంచిక అమ్మకానికి వచ్చింది. వెల ఒక సెంటు. ఆ ఏడాది అమెరికాలో ప్రతి నలుగురు శ్రామికులలో ఒకరికి పని లేదు. కొద్ది సంవత్సరాలలోనే పత్రిక ముద్రణ లక్ష ప్రతులు దాటింది. వెల మాత్రం ఒక్క సెంటుగానే ఉండిపోయింది.

ఆ పత్రికకు కార్యాలయమని వేరే లేదు. ఆమె వాటాలోని వంటగది బల్లే సంపాదక కార్యాలయం. ఏడేళ్ళ టామర్ ఆ బల్ల చుట్టూ ఆడుకుంటూ ఉండేది. ఒకవైపు ప్రూఫులు, మరొకవైపు కుండలో ఉడుకుతున్న కూర. తలుపు తట్టినవారికి ముందు కాఫీ, తరువాత మాట.

పోపు 13వ లియో 1891లోనే తన విశ్వలేఖలో కార్మికులు సంఘాలుగా ఏర్పడే హక్కును గుర్తించారు. కాని ఆ లేఖ చాలా కాలం గురువుల పుస్తకాల బీరువాలలోనే ఉండిపోయింది. డొరతీ దానిని తీసుకువచ్చి కర్మాగారం గేటు ముందు నిలబెట్టారు. పీటర్ మౌరిన్‌కు సమ్మెలమీద పెద్దగా విశ్వాసం లేదు. ఆమె ఆ విషయంలో అతనితో ఏకీభవించలేదు. బిడ్డలకు అన్నం పెట్టలేని జీతంమీద నిలబడిన పరిశ్రమలో సమ్మె చేయడం పాపం కాదని ఆమె దృఢంగా నమ్మారు.

1936 శరదృతువులో అమెరికా తూర్పు తీరపు ఓడ కార్మికులు సమ్మె చేశారు. యజమానుల మీదనే కాక, తమను పట్టించుకోని పాత నాయకత్వం మీద కూడా వారు తిరగబడ్డారు. సమ్మె చేసిన ఓడ కార్మికునికి ఇల్లే ఉండదు. అతని పడక ఓడలో, అతని తిండి ఓడలో. ఓడ దిగినవాడు వీధిలో పడ్డట్టే. డొరతీ, ఆమె సహచరులు రేవు దగ్గర ఒక దుకాణం అద్దెకు తీసుకుని పొయ్యి వెలిగించారు. రాత్రింబగళ్ళు కాఫీ, రొట్టె, జున్ను, వేరుశెనగ వెన్న. ఎవరు కమ్యూనిస్టు, ఎవరు కతోలికుడు అని గుమ్మంలో అడగలేదు. చలికాలమంతా ఆ పొయ్యి ఆరలేదు. ఆ పోరాటం నుండే 1937లో నేషనల్ మారిటైమ్ యూనియన్ అవతరించింది.

మన ప్రాంతంలో సమ్మెల సమయంలో గంజి కేంద్రాలు నడిపిన తల్లులకు ఈ కథ వింతగా ఉండదు. సమ్మె ఎన్ని రోజులు నిలుస్తుందన్నది తీర్మానంలో రాసిన మాటలమీద ఎంత ఆధారపడుతుందో, బియ్యపు డబ్బా అడుగుమీద అంత ఆధారపడుతుంది. ఈ సత్యం డొరతీకి తెలుసు, మా అమ్మలకూ తెలుసు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. భక్తురాలైన మనిషి, తన మతాధికారులే యజమానులైనప్పుడు ఏమి చేయాలి? 1949లో ఆమెకు ఆ పరీక్ష వచ్చింది. న్యూయార్కు అగ్రపీఠం ఆధీనంలోని కాల్వరీ శ్మశానవాటికలో సమాధులు తవ్వే కార్మికులు సమ్మె చేశారు. వారు వారానికి ఆరు రోజులు, 48 గంటలు పనిచేసేవారు. అదే జీతంమీద ఐదు రోజులు, 40 గంటల పని కావాలని అడిగారు. వారిలో అత్యధికులు కతోలికులే. కార్డినల్ స్పెల్‌మన్ దీనిని కమ్యూనిస్టుల ప్రేరేపణ అన్నారు. గురువిద్యార్థులను వెంటబెట్టుకుని, పికెటింగు దాటించి, వారిచేత సమాధులు తవ్వించారు. సమ్మెను విచ్ఛిన్నం చేయడానికి ప్రార్థన నేర్చుకునే పిల్లలను దింపడం డొరతీని ఎంతో కలచివేసింది. ఆమె తన మనుషులతో కార్మికుల పికెటింగులో చేరారు. కార్మికుల కుటుంబాలకు సహాయం కూడగట్టారు. మార్చి నెలలో కార్డినల్‌కు వినయంగా, సూటిగా లేఖ రాశారు. ఆ మనుషులను స్వయంగా కలుసుకోమని, వారి గౌరవం సమస్యగా దీనిని చూడమని ఆ లేఖ సారం. సమ్మె కార్మికుల ఆశించిన విధంగా ముగియలేదు. ఆమె మాత్రం మరునాటి ఉదయం పూజకు వెళ్ళడం మానలేదు.

సోదరులారా, ఈ సంఘటనను కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది. విశ్వాసం విడిచిపెట్టి కార్మికుల వైపు వచ్చినవారు చరిత్రలో ఎందరో ఉన్నారు. అధికారులకు భయపడి కార్మికులను విడిచినవారూ ఉన్నారు. ఆమె రెండూ విడవలేదు. జపమాల చేతిలోనే ఉన్నది, పికెటింగు వరుసలో కాళ్ళూ ఉన్నవి. ప్రార్థించే మనిషి సంఘానికి బరువు అనేవారికి ఇంతకన్న సమాధానం వేరే అక్కరలేదు.

ఆమె నిజాయితీకి మరొక ఉదాహరణ. 1960లో నగర పాలకులు తమ అవసరంకోసం స్వాధీనం చేసుకున్న ఒక ఆతిథ్య గృహానికి పరిహారం చెల్లించారు. ఆలస్యమైనందుకు వడ్డీ కూడా కలిపారు. ఆ వడ్డీ మూడున్నర వేల డాలర్లకు పైగా ఉన్నది. వడ్డీ సొమ్ము తమకు వద్దని ఆమె తిప్పి పంపివేశారు. ఆ రోజు ఆ ఇంట్లో భోజనానికి వరుస కట్టిన పేదలు తక్కువేమీ లేరు. అయినా, ఏ సొమ్ము పుచ్చుకుంటే నోరు మూతపడుతుందో ఆమెకు తెలుసు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇది కష్టమైనది. నివాళి సభలలో సాధారణంగా దీనిని దాటవేస్తారు. మేము దాటవేయదలచుకోలేదు.

ఉద్యమం పెరిగింది. 1941 నాటికి ముప్పైకి పైగా ఆతిథ్య గృహాలు ఏర్పడ్డాయి. డొరతీ ఊరూరా తిరిగారు, ఉపన్యాసాలిచ్చారు, సమ్మె జరిగే చోటికల్లా వెళ్ళారు. ఆ దినాలలో చిన్నారి టామర్ వసతి పాఠశాలలలో, స్నేహితుల ఇండ్లలో, ఆతిథ్య గృహంలోని పరాయివారి మధ్య పెరిగింది. వచ్చినవారందరికీ తల్లి అయిన మనిషిని కన్నబిడ్డ నలుగురితో పంచుకోవలసి వచ్చింది. ఆ పిల్ల తన బొమ్మలు, తన బట్టలు మాయమైపోవడం ఎరుగును. ఆ పిల్లకు తోటపని, నేతపని ఇష్టం. తల్లికి పుస్తకాలు, మాటలు ఇష్టం. 1944లో, పద్దెనిమిదేళ్ళకే, టామర్ వివాహం చేసుకుంది. తొమ్మిదిమంది పిల్లలు. పొలంమీద బీద బ్రతుకు. 1961లో భర్త వెళ్ళిపోయాడు. తొమ్మిదిమందితో ఆమె ఒంటరిగా నిలిచింది. తల్లి అంతగా ప్రేమించిన దేవాలయానికి కూతురు క్రమేణా దూరమైంది.

డొరతీకి ఇది తెలియదని కాదు. దినచర్య పుస్తకాలలో, లేఖలలో తల్లిగా తన లోపాలను ఆమె పదేపదే తలచుకున్నారు. సరిదిద్దుకోవడానికి అమ్మమ్మగా ప్రయత్నించారు. 1948 తొలి నెలలలో కూతురి ప్రసవంకోసం పశ్చిమ వర్జీనియాలోని పొలానికి వెళ్ళి, చలిలో కట్టెలు పేర్చి, నీళ్ళు మోసి, పిల్లల బట్టలు ఉతికి, ఆ రోజుల ముచ్చట్లనే ‘ఆన్ పిల్గ్రిమేజ్’ అనే పుస్తకంగా ప్రచురించారు. టామర్ పిల్లలను పెట్టుకుని నర్సు శిక్షణ పొందవలసి వచ్చినప్పుడు, ఉద్యమం పనులు పక్కన పెట్టి వెర్మాంట్ వెళ్ళి మనుమల దగ్గర ఉన్నారు. దేశమంతా యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడిన ఈ అమ్మమ్మకు, ఒక మనుమడు సైనికుడుగా వియత్నాం వెళ్ళాడు. ఆమె అతన్ని ఛీత్కరించలేదు. అతను తిరిగి వచ్చేదాకా ప్రార్థించారు. ఉద్యమకారుల ఇండ్లలో పిల్లలు మన బాటలోనే నడవాలన్న నియమం లేదు. నడవకపోయినా వారు మన పిల్లలే అన్న సంగతి ఆమె ప్రవర్తన చెబుతున్నది.

అయినా, ఒక మాట చెప్పక తప్పదు. కోల్పోయిన బాల్యం తిరిగి రాదు. ఈ విషయంలో నేరమంతా డొరతీ మీద వేయడం న్యాయం కాదు. అదే కాలంలో పిల్లలను ఇంట్లో విడిచి తిరిగిన మగ నాయకులను ఈ ప్రశ్న ఎవరు అడిగారు? వారి వెనుక ఒక భార్య ఉన్నది. డొరతీ వెనుక భార్య లేదు. అందుచేత ఆ లోటు కంటికి కనబడింది. మగ నాయకుల ఇండ్లలో అదే లోటును ఒక స్త్రీ తన వీపుమీద మోసి కప్పివేసింది. అంతే తేడా.

వయసు మీరినా ఆమె ప్రయాణాలు ఆగలేదు. 1970లో ప్రపంచయాత్రలో భాగంగా మన దేశానికి వచ్చారు. కలకత్తాలో మదర్ థెరిసాను కలుసుకున్నారు. అక్కడి యువ మఠకన్యలకు ఆమె తన జైలు అనుభవాలను గురించి ప్రసంగించారు. మరణాసన్నులకు పరిచర్య చేసే ఆ కన్యలకు, అన్యాయపు చట్టాన్ని ఎదిరించి జైలుకు వెళ్ళడం కూడా పరిచర్యేనని ఒక అమ్మమ్మ నోట వినడం కొత్త అనుభవమై ఉంటుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో, హుగ్లీ నది ఒడ్డు జనపనార మిల్లులలో తరతరాలుగా పనిచేసిన మన తెలుగు కుటుంబాలకు ఆ నగరం పరాయిది కాదు.

మూడేళ్ళ తరువాత, 1973 ఆగస్టులో, డెబ్బై ఐదేళ్ళ వయసులో, ఆమె చివరిసారి జైలుకు వెళ్ళారు. అందుకు కారణం వ్యవసాయ కూలీలు. అమెరికాలో 1935లో వచ్చిన కార్మిక సంబంధాల చట్టం సంఘం పెట్టుకునే హక్కును కాపాడింది. కాని ఆ చట్టంనుండి పొలాలలో పనిచేసేవారినీ, ఇండ్లలో పనిచేసేవారినీ మినహాయించారు. పండ్లు కోసే చేతులకు, అంట్లు తోమే చేతులకు రక్షణ లేదు. 1965లో కాలిఫోర్నియాలోని ద్రాక్షతోటలలో ఫిలిపినో కూలీలు సమ్మె మొదలుపెట్టారు. మెక్సికన్ కూలీలు వారితో చేరారు. ఆ ఐక్యతనుండి యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్ సంఘం వృద్ధి చెందింది. దాని స్థాపకులలో ఒకరైన డొలోరెస్ హుయెర్టా పదకొండుమంది బిడ్డల తల్లి. 1970లో ద్రాక్షతోటల యజమానులు ఒప్పందాలు చేసుకున్నారు. 1973లో అవి ముగియగానే కూలీల మొహం చూడకుండా మరొక సంఘంతో కుమ్మక్కయ్యారు. న్యాయస్థానాలు పికెటింగుమీద నిషేధాజ్ఞలు జారీ చేశాయి.

ఆ నిషేధాజ్ఞలను ధిక్కరించి వందలాది కూలీలు, వారితో మఠకన్యలు, గురువులు ఫ్రెస్నో ప్రాంతంలో అరెస్టయ్యారు. వారి మధ్య డొరతీ డే ఉన్నారు. ఆనాటి ఛాయాచిత్రం ఒకటి ప్రపంచమంతటా ప్రచారమైంది. తలపై గడ్డి టోపీ, మడిచి పట్టుకుపోగలిగే చిన్న పీటమీద కూర్చున్న సన్నని ముసలమ్మ, అటూ ఇటూ నడుముకు తుపాకులు కట్టిన ఇద్దరు పోలీసులు. ఆమె వారివంక తలెత్తి, అల్లరి చేసిన మనుమలను చూసినట్టు చూస్తున్నారు. పది రోజులకు పైగా ఆమె కూలీ స్త్రీలతోపాటు నిర్బంధంలో ఉన్నారు. రెండేళ్ళకు, 1975లో, కాలిఫోర్నియా రాష్ట్రం వ్యవసాయ కార్మికుల సంఘ హక్కును గుర్తిస్తూ చట్టం చేసింది.

1976 తరువాత గుండెజబ్బు ఆమెను గదికి పరిమితం చేసింది. కిటికీ దగ్గర కూర్చుని, కీర్తనలు చదువుకుంటూ, రేడియోలో సంగీతం వింటూ గడిపారు. మరణించినప్పుడు సాదా దేవదారు పెట్టెలో ఉంచారు. మనుమలు దానిని భుజాలమీద మోసి దేవాలయంలోకి తీసుకువెళ్ళారు. వీధిలోని దిక్కులేనివారు, పాత సోషలిస్టులు, గురువులు, ఓడ కార్మికులు ఒకే వరుసలో వెంట నడిచారు. స్టాటెన్ దీవిలోని ఆమె సమాధిరాయిమీద దేవునికి కృతజ్ఞతలు అని అర్థమిచ్చే రెండే రెండు లాటిన్ పదాలు చెక్కి ఉన్నవి.

ఒకప్పుడు రహస్య పోలీసులు ఆమెపై వందల పుటల దస్త్రం రాశారు. 2015 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ అమెరికా పార్లమెంటులో ప్రసంగిస్తూ, ఆ జాతి మహనీయులైన లింకన్, మార్టిన్ లూథర్ కింగ్ మొదలైనవారి సరసన ఆమె పేరు చెప్పారు. ఆమెను పునీతురాలిగా ప్రకటించాలన్న అభ్యర్థనకు సంబంధించిన పత్రాలను న్యూయార్కు అగ్రపీఠం 2021లో రోముకు పంపింది. 2017లో ఒక మనుమరాలు, కేట్ హెన్నెస్సీ, తన అమ్మమ్మనూ అమ్మనూ గురించి ఒక గ్రంథం ప్రచురించారు. అందులో ప్రేమ ఉన్నది, నొప్పి కూడా ఉన్నది. మనుమరాలు రెండూ దాచలేదు. అందువల్ల అమ్మమ్మ గౌరవం తగ్గలేదు.

ఇంకొక చిన్న సంగతి. ‘ది కాథలిక్ వర్కర్’ పత్రిక శీర్షికలో, క్రీస్తు ఒక నల్లజాతి కార్మికునీ ఒక తెల్లజాతి కార్మికునీ భుజాలపై చేతులు వేసి దగ్గరికి తీసుకున్న బొమ్మ ఏళ్ళ తరబడి ఉండేది. చిత్రకారిణి ఆడే బెతూన్ 1985లో ఆ బొమ్మను సవరించారు. ఒక పురుష కార్మికుని స్థానంలో, బిడ్డను ఎత్తుకున్న వ్యవసాయ కూలీ స్త్రీని నిలబెట్టారు. డొరతీ చనిపోయిన ఐదేళ్ళకు, యాభై రెండేళ్ళ ఆలస్యంగా, బిడ్డతల్లి ఆ పత్రిక నుదుటిమీదికి వచ్చింది.

సోదర సోదరీమణులారా! మన జెండాల మీద, మన కరపత్రాల మీద పిడికిలి ఉన్నది, సుత్తి ఉన్నది, కొడవలి ఉన్నది, చక్రం ఉన్నది. బిడ్డను ఎత్తుకున్న స్త్రీ ఎక్కడ ఉన్నది? నిజామాబాదులో చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతూ కాలితో ఉయ్యాల ఊపే తల్లి మన సభ్యురాలే. గుంటూరులో ఘాటుకు కళ్ళు మండుతూ మిరప తొడిమలు తీసే అవ్వ మన సభ్యురాలే. తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని, మనుమలకు గంజి కాచిపెట్టి, సంఘం సభకు చాప పట్టుకువచ్చే క్రైస్తవ తల్లులు మన పల్లెలలో, మన పేటలలో ఎందరో ఉన్నారు. సంఘం పుస్తకంలో వారి పేరు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అనే రాసి ఉంటుంది.

అందుచేత ఈ సభ ముందు మేము మూడు విన్నపాలు ఉంచుతున్నాము. ఒకటి, సమ్మె నిధిని లెక్క కట్టేటప్పుడు కోర్టు ఖర్చు, కరపత్రాల ఖర్చు రాసినట్టే పొయ్యి ఖర్చు కూడా ముందుగా రాయాలి. వండేవారిని ఆ నిర్ణయం తీసుకునే కమిటీలో కూర్చోబెట్టాలి. రెండు, మన ప్రతి సభలో పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఆ బాధ్యత వంతులవారీగా మగ సభ్యులు కూడా తీసుకోవాలి. మూడు, పూర్తికాలం సంఘం పనిచేసే స్త్రీ పురుషుల పిల్లల చదువు, ఆరోగ్యం, వారు ఇంటికి వెళ్ళివచ్చే సెలవు సంఘం బాధ్యతగా ఉండాలి. సంఘం మనిషిని పుచ్చుకున్నప్పుడు అతని బిడ్డల ఋణం కూడా పుచ్చుకుంటుంది.

డొరతీ డే తన చేతనైనంతా చేశారు. ఆమె పొయ్యి వెలిగించారు, పత్రిక రాశారు, జైలుకు వెళ్ళారు, మనుమల బట్టలు ఉతికారు. ఒక్క మనిషి ఇన్ని మోయగలగడం గొప్ప. ఒక్క మనిషిచేత ఇన్ని మోయించడం మాత్రం ఉద్యమాలకు గొప్ప కాదు. ఆమెకు మనం చెల్లించగల నివాళి ఏమిటంటే, మన సంఘంలో మరొక టామర్ ఒంటరిగా పెరగకుండా చూడడం.

ఆ తల్లి స్మృతికి, ఆమెవలె పేరు లేకుండా సంఘానికి అన్నం వండిపెట్టిన మన తల్లులందరి స్మృతికి, మా వినమ్రమైన జోహార్లు. దయచేసి అందరూ లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాము.